మూత మీద రెండక్షరాలు

ప్రసూతి సెలవు ముగించుకుని పోయిన నెల ఆఫీసుకి వెళ్లిన మొదటి రోజే పరువు పోగొట్టుకున్నాను. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయిని మేనేజరు అందరికీ పరిచయం చేస్తున్నాడు. ఆ పిల్ల చక్కగా లేచి నిలబడి, "హాయ్, నా పేరు మాయ" అంది. నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో ఆమె పక్కన చేరి, రెండు టీలు తెప్పించి, "నీ పేరుకి నవ్వలేదమ్మా, నాకు ఒక ఆయమ్మ గుర్తొచ్చింది" అని మొదలుపెట్టాను. టీ చల్లారిపోయింది గానీ ఆయమ్మ పూర్తి కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయమ్మ గచ్చిబౌలి వైపు ఒక ప్రసూతి ఆసుపత్రిలో, కాన్పుల గదిలో పనిచేసేది. సొంతూరు నార్సింగి. మేమంతా నార్సింగి అంటే ఫ్లాట్ల అద్దెలూ ట్రాఫిక్కూ మాట్లాడుకుంటాం. ఆమె మాత్రం "మా ఊరు" అనేది, ఇంకా ఊరే అయినట్టు. పొట్టి మనిషి. ముదురు గోధుమరంగు యూనిఫాం చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ తిరిగేది. బొడ్లో వక్కాకు సంచి ఉండాల్సిన చోట ఒక నల్ల మార్కరు పెన్ను, దారం కట్టి వేలాడుతుండేది. ఆ పెన్ను ఎవరికీ ఇచ్చేది కాదు. పెద్ద డాక్టరమ్మ అడిగినా "మీ పెన్ను మీకున్నది గదా మేడం" అనేది.

కాన్పులో బిడ్డ వెనకాలే వచ్చేదాన్ని మాయ అంటారు. మా గోదావరి వైపు అత్తయ్యగారిలాంటి వాళ్లు మావి అంటారు. నాలాంటి ఆఫీసు మనుషులం ప్లాసెంటా అంటాం. ఏ పేరుతో పిలిచినా అందరం చేసేది ఒకటే, దానికేసి చూడం. బిడ్డ ఏడుపు వినిపించగానే గదిలో ఉన్నవాళ్లంతా అటు తిరిగిపోతారు. ఆయమ్మ ఒక్కతే ఇటు తిరిగేది. మాయని ట్రేలో పెట్టి కడిగి, చపాతీ పిండిని సర్దినట్టు నాలుగు వైపులా సర్ది, కాసేపు చూసేది. తర్వాత తల్లికి చూపించి, "తొమ్మిది నెలలు నీ బిడ్డకు అన్నం బెట్టింది ఇదే. ఫోటో దియ్యకపోతే దియ్యకు, జర ఒక మాటన్న చెప్పు" అనేది. తల్లి సిగ్గుపడి థాంక్యూ అంటే సరే. అనకపోతే తనే చెప్పేది. ఎవరి మాయకైనా ఆమె చెప్పే మాట ఒకటే, "మంచిగ జేసినవ్. ఇగ పో." ఆ తర్వాతే దాన్ని పసుపు కవరులో వేసేది.

తండ్రుల్నీ వదిలేది కాదు. వరండాలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మీటింగులో ఉన్నవాళ్ల దగ్గరకెళ్లి, "నీ కాల్ అయిపోయేదాక బిడ్డను ఆపమంటవా?" అని అడిగేది. ఒకాయన ఆరడుగుల మనిషి, పెద్ద కంపెనీలో పెద్ద హోదా. బిడ్డని చూసి తెగ మురిసిపోతుంటే ఆయమ్మ ట్రే తెచ్చి, "ఇది గూడ నీ ఇంటిదే, చూడు" అందట. ఆయన అక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు. నీళ్లు చల్లి లేపుతూ ఆయమ్మ నర్సుతో, "గింత మనిషిని మోసిన తల్లి ఎట్ల మోసిందో, ఆమె మాయకు దండం బెట్టాలె" అందట. ఇది నాకు ఆ కాన్పుల గదిలోనే పనిచేసే ఒక కేరళ నర్సు చెప్పింది. ఆమెకి తెలుగు మాట్లాడటం కాస్త వచ్చు, చదవడం రాయడం బొత్తిగా రాదు. ఆయమ్మంటే ప్రాణం పెట్టేది.

ఇప్పుడు పెన్ను సంగతి. మాయలో ఏదైనా తేడా కనిపిస్తే డాక్టరు దాన్ని పరీక్షకి పంపిస్తారు. మందు నీళ్లు పోసిన డబ్బాలో పెట్టి, పేరు అచ్చయిన కాగితం అంటించి, బాచుపల్లిలో ఉన్న ల్యాబుకి పంపాలి. కాగితం అంటించాక ఆయమ్మ డబ్బా మూత మీద మార్కరుతో తనూ ఒకటి రాసేది, "మాయ" అని. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం ఉసిరికాయంత చేసి, మెల్లిగా రాసేది. ఆమె మనవరాలు నేర్పిందట. ఆమెకి రాయడం వచ్చిన అక్షరాలు ఆ రెండే. మిగతావి కూడా నేర్చుకోవచ్చు కదా అంటే, "మిగతయాటితోని నాకేం పని?" అనేది.

తన పేరు రాయడం కూడా రాదు. ఒకసారి బ్యాంకులో సంతకం చేస్తావా, వేలిముద్ర వేస్తావా అని అడిగితే, "సంతకమే" అని దర్జాగా చెప్పి "మాయ" అని రాసిందట. బ్యాంకాయన పాస్‌బుక్కు చూసి, "ఇది నీ పేరు కాదు గదమ్మా" అన్నాడట. "నా పేరని నేనెప్పుడన్న? రాయమన్నవ్, వచ్చింది రాసిన" అందట ఆయమ్మ. ఆమె పేరు నాకు తెలుసు. తనే రాయని పేరు నేనెందుకు రాయడం అని ఇక్కడా రాయడం లేదు.

నా సంగతికి వస్తాను. కరోనా రెండోసారి విరుచుకుపడుతున్న రోజుల్లో నాకు ఏడో నెల. "ఇప్పుడు పేరంటాలేంటమ్మా, బిడ్డ పుట్టాక బారసాల ఘనంగా చేసుకుందాం" అని అత్తయ్యగారు బతిమాలారు. సీమంతం చెయ్యాల్సిందేనని నేనే పట్టుపట్టాను. మొదటి కాన్పు, మళ్లీ మళ్లీ వస్తుందా అన్నాను. అపార్ట్‌మెంటులో తొమ్మిది మందిని పిలిచి, రెండు చేతులకీ మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు తొడిగించుకుని, ఫోటోలు దిగి, స్టేటస్ కూడా పెట్టాను. ఆరో రోజున జ్వరం వచ్చింది. పరీక్ష చేస్తే అదే. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, ఎదురు మాట్లాడి తేలికపడేదాన్ని.

జ్వరం వారంలో తగ్గింది. డాక్టరు ఫోనులోనే, "బిడ్డ కదలికలు రోజూ లెక్కపెట్టు, తగ్గితే ఆలోచించకుండా వచ్చెయ్" అని చెప్పారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, తప్పులు వెతకడమే నా ఉద్యోగం. ఎక్సెల్ షీటు తెరిచి కదలికలు నింపడం మొదలుపెట్టాను. మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున గడి నిండలేదు. చల్లటి నీళ్లు తాగాను, ఎడమవైపు తిరిగి పడుకున్నాను, పొట్ట మీద చెయ్యి వేసి పిలిచాను. ఒక్కసారి ఎప్పుడో నెమ్మదిగా కదిలి ఊరుకుంది. ఆ షీటు మూసి మా ఆయనతో, "కారు తియ్యి" అన్నాను.

అప్పటి నిబంధనల ప్రకారం లోపలికి నన్నొక్కదాన్నే రానిచ్చారు. స్కానింగు చూసి డాక్టరు, ఇంకా నెలన్నర ఉన్నా ఆగడానికి లేదు, ఆపరేషను చేసేద్దాం అన్నారు. గాజులు తియ్యాలి కదా. సబ్బు నీళ్ల గిన్నె పట్టుకుని ఆయమ్మ వచ్చింది. ఆమెని చూడటం అదే మొదటిసారి.

"ఏంది బిడ్డా, దుకాణం దుకాణమే తొడుక్కొచ్చినవ్" అంది నా చేతులు చూసి. ఆ మాటతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఆమెకి చెప్పేశాను. "ఈ గాజుల వల్లే ఆయమ్మా. అందరూ వద్దన్నా వేయించుకున్నాను. నా పిల్లకి ఏమన్నా అయితే నేనే చేసినట్టు."

ఆమె సబ్బు రుద్దడం ఆపలేదు. "గాజులకు జ్వరమొస్తదా?" అంది. ఒక గాజు జారదీసి, "నేనీ పని మొదలువెట్టిన కాడికెల్లి చూస్తున్న. బిడ్డకు ఏమయినా తల్లి ముందుగాల తననే తిట్టుకుంటది. అదొక అలవాటు. చెయ్యి జర వదులుగ పెట్టు" అంది. ఒక్క గాజు పగలకుండా అన్నీ తీసి, ఒక రబ్బరు గ్లవుసులో వేసి ముడి కట్టింది. గాజులతో ఉబ్బిన ఆ రబ్బరు చెయ్యిని చూసి ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు.

నడుముకి మత్తిచ్చారు, మెలకువగానే ఉన్నాను. పాప పుట్టింది. సన్నగా, తలుపు కిర్రుమన్నట్టు ఒక్కసారి ఏడ్చింది. రెండు కిలోలు కూడా లేదు. చిన్నపిల్లల డాక్టరు ఎత్తుకుని వెళ్లిపోయారు. "మాయ సరిగ్గా పనిచేసినట్టు లేదు" అని మా డాక్టరు పక్కనున్నవాళ్లతో అనడం విన్నాను. కాసేపటికి ఆయమ్మ ట్రే పట్టుకుని తలవైపు వచ్చింది.

"చూస్తవా బిడ్డా?"

"తీసెయ్ ఆయమ్మా. నా పిల్లకి తిండి పెట్టలేకపోయింది. దాని ముఖం నేను చూడను."

"సరే. ఈసారికి నీ బదులు నేను చెప్త. మల్లసారి నువ్వే చెప్పాలె" అని ట్రే వైపు తిరిగి, "మంచిగ జేసినవ్. ఇగ..." అంటూ ఆగిపోయింది. వేలితో ఒకచోట నొక్కింది, ఇంకోచోట నొక్కింది. "మేడం, ఇది పోయేటట్టు లేదు. మెత్తగుండాలె గదా, ఇదేంది గింత గట్టిగున్నది, తెల్లతెల్లగ? జర చూడుండ్రి" అంది. డాక్టరు కుట్లు వేస్తూనే తొంగిచూసి, పరీక్షకి పంపమన్నారు. ఆమె డబ్బాలో పెట్టడం, మూత మీద నాలుక బయటపెట్టి రాయడం నేను పడుకునే చూశాను.

పాపని అద్దాల గదిలో పెట్టారు. నాకు పగలూ రాత్రీ ఒకటే ఆలోచన, జ్వరం పాపలోకి వెళ్లిందా, ఇదంతా ఎందుకు జరిగింది, మళ్లీ ఎప్పుడైనా బిడ్డని కనాలంటే ఇలాగే అవుతుందా అని. ఇవన్నీ ఆ రిపోర్టు వస్తేనే కొంతైనా తెలిసేవి. రోజూ రిసెప్షన్‌కి వెళ్లి అడిగేదాన్ని. అక్కడి అమ్మాయి కంప్యూటరులో వెతికి, "మీ పేరు మీద ఏమీ లేదు మేడం" అనేది. పదో రోజున ల్యాబుకే ఫోను చేసింది. వాళ్లూ లేదన్నారు. అప్పుడు సూపర్‌వైజరు వచ్చి, నేను వింటుండగానే, "ఆయమ్మ అలవాటులో పసుపు కవరులో వేసేసి ఉంటుంది. పెద్దదైపోయింది, ఇక ఇంటికి పంపాల్సిందే" అన్నాడు.

ఆయమ్మ వరండా చివర బెంచీ మీద కూర్చుని ఉంది. టిఫిను డబ్బా తెరిచి ఉంది గానీ రొట్టె ముట్టుకోలేదు. "నేను పారేసిననా బిడ్డా? నా చేతులతోని పంపిన" అంది. నాకు సూపర్‌వైజరు మీద కోపం వచ్చింది. కోపం వస్తే నా బుర్ర బాగా పనిచేస్తుంది. పక్కన కూర్చుని, ఆఫీసులో తప్పు దొరకనప్పుడు చేసేదే చేశాను. "మొదట్నుంచి చెప్పు. ఏం చేశావు, దాని తర్వాత ఏం చేశావు. ఏదీ వదలకు."

"డబ్బ కడిగిన. మాయను వెట్టిన. మందు నీళ్లు వోసిన. కాయిదం అంటిచ్చిన."

"డబ్బా తుడిచి అంటించావా?"

ఆలోచించింది. "తడిగనే ఉండె. నీ బిడ్డ కాడ అందరు హడావిడి వడుతుండ్రి. తుడువలే."

"అయితే కాగితం ఊడిపోయి ఉంటుంది. ఇంకేమైనా ఉందా డబ్బా మీద?"

"మూత మీద రాసిన గదా."

"ఏం రాశావ్?"

"ఏం రాస్త బిడ్డా, నాకొచ్చిందే రాసిన" అంది విసుగ్గా.

నేను కుట్ల నొప్పి కూడా మరిచిపోయి రిసెప్షన్‌కి నడిచాను. ఫోను నేనే తీసుకుని, "మాయ అనే పేరు మీద ఏమైనా రిపోర్టు ఉందేమో చూడండి" అన్నాను. అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "ఉంది మేడం. మిస్ మాయ. ఆడ. వయసు సున్నా. రిపోర్టు తయారై నాలుగు రోజులైంది, పేషంటు వచ్చి తీసుకోలేదు."

ల్యాబులో ఉన్నది మన తెలుగు కుర్రాడే. తెలుగు చదవడం వచ్చు, ఆ మాట మాత్రం తెలీదు. మూత మీద కనిపించింది పేరనుకున్నాడు. "మాయ అంటే పేరే కదా మేడం?" అని నాతో వాదించాడు కూడా. వయసు రాయకపోతే కంప్యూటరు ముందుకి కదలదు కాబట్టి సున్నా కొట్టాడట. ఫోను నంబరు కూడా తప్పనిసరి కాబట్టి మా ఆసుపత్రి రిసెప్షన్ నంబరు ఇచ్చాడట. రిసెప్షన్ అమ్మాయి నోరు తెరిచి, సెల్లు తీసి చూపించింది. నాలుగు రోజులుగా రోజుకి రెండేసి వస్తున్నాయి. "మాయ గారూ, మీ రిపోర్టు సిద్ధంగా ఉంది. మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం." ఈ మాయ ఎవరో రాదేంటని వాళ్లు తిట్టుకుంటున్నారట.

ఊడిన కాగితం ల్యాబువాళ్లు డబ్బా తీసుకెళ్లిన పెట్టె అడుగున దొరికింది. ఆ రోజు మా ఆసుపత్రి నుంచి వెళ్లిన డబ్బా అదొక్కటే అని రిజిస్టరు చూసి డాక్టరు ఖాయం చేసుకున్నారు. సూపర్‌వైజరు ఆ రోజంతా వరండాలో కనిపించలేదు. ఆయమ్మకి ఆ మెసేజీలు చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. "దానికింకేం తగ్గుతది బిడ్డా" అంది. మళ్లీ ఒకసారి చదవమంది. చదివాను. "మాయ గారు అన్నరా? నన్ను గూడ ఎవ్వరు గారు అనలే" అని, టిఫిను డబ్బాలో రొట్టె తీసి తినడం మొదలుపెట్టింది.

మర్నాడు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఆయమ్మ గుమ్మంలో చీపురు పట్టుకుని, ఊడ్చినచోటే ఊడుస్తూ ఉంది.

"నీ జ్వరం మాయ దాకా వచ్చింది. బిడ్డకి రక్తం అందించే చోట్లు చాలావరకు గట్టిపడిపోయాయి. అందుకే బరువు లేదు, అందుకే కదలికలు తగ్గాయి. పాపకి చేసిన పరీక్షలో వైరస్ లేదు, అక్కడిదాకా వెళ్లలేదు. ఇలా అందరికీ అవదు. జ్వరం వచ్చిన తల్లుల్లో చాలామందికి ఏమీ కాదు, నీకు అయింది. ఇంకో రోజు చూద్దాంలే అని ఇంట్లో ఉండిపోయుంటే..." అని ఆపేశారు.

"సీమంతం చేసుకోకుండా ఉంటే రాకపోను కదా డాక్టర్?"

"లిఫ్టులో వచ్చేదేమో, కూరగాయల సంచితో మీ ఆయన తెచ్చేవాడేమో. అది ఎవరూ చెప్పలేరు. నేను చెప్పగలిగేది ఒకటుంది. లెక్కపెట్టుకుని పొద్దున్నే వచ్చావు. అది నువ్వే చేశావు."

గుమ్మంలోంచి, "గాజులకు జ్వరం రాదని ఆ దినమే చెప్పిన. నా మాట వింటేనా" అని వినిపించింది. డాక్టరమ్మ నవ్వారు. నేను ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తులేదు.

పాపని ఇంటికి తీసుకెళ్లేరోజు ఆయమ్మ గ్లవుసు ముడి విప్పి గాజులు ఇచ్చింది. పాపకి మాయ అని పేరు పెడదామనుకుంటున్నాను అని చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కళ్లజోడు పైకి జరిపి నన్ను చూసింది. "ఎందుకు? దాని పేరు దానికుండనియ్యి. అది తన పని జేసి పోయింది. పాప పని పాప చేస్తది, పాపకు వేరే పేరు వెట్టు" అంది. పెట్టాం. మా పెద్దది ఇప్పుడు యూకేజీ, దాని నోరు మూయించడానికి మా ఇంట్లో ముగ్గురం చాలడం లేదు.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు సీమంతం అత్తయ్యగారే దగ్గరుండి చేశారు. అదే ఆసుపత్రి. గాజులు తియ్యడానికి వేరే ఆయమ్మ వచ్చింది. మా ఆయమ్మ ఏదని కేరళ నర్సుని అడిగాను. "పోయింది మేడం, వానాకాలంలో. పొద్దున డ్యూటీకి తయారైంది, ఆటో కోసం నిలబడింది, అక్కడే గుండె ఆగింది" అంది. ఆపరేషను బల్ల మీద పడుకుని ఏడుస్తుంటే మత్తు డాక్టరు నేను భయపడుతున్నాననుకుని, "ఏం కాదమ్మా, ఏం కాదు" అంటూనే ఉన్నాడు.

బాబు పుట్టాడు. గదంతా అదిరిపోయేలా ఏడ్చాడు. ముందుసారి జరిగినదాన్ని బట్టి ఈసారి కూడా మాయని పరీక్షకి పంపమన్నారు. నర్సు డబ్బాని ఒకటికి రెండుసార్లు పొడిగుడ్డతో తుడిచి, కాగితం అంటించి, జేబులోంచి నల్ల మార్కరు తీసింది. దానికి దారం ముక్క ఇంకా వేలాడుతోంది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని మూత మీద రాసింది. ఉసిరికాయలంత రెండు అక్షరాలు. ఆమెకి తెలుగులో వచ్చిన అక్షరాలు ఆ రెండే.

"మూత పెట్టకండి సిస్టర్, ఒక్కసారి చూపించండి" అన్నాను. దగ్గరికి తెచ్చింది. మెత్తగా, ఎర్రగా, నిండుగా ఉంది.

"మంచిగ జేసినవ్. ఇగ పో" అన్నాను దానికి. ముందుసారి ముఖం చూడనన్నదానికి కూడా ఇంకోసారి అదే మాట చెప్పాను. ఆయమ్మకి కూడా చెప్పాలి కదా. "మంచిగ జేసినవ్" అన్నాను. ఆ తర్వాతి మాట మాత్రం నోట్లోంచి రాలేదు.